ఉత్తమ పురుష బహువచనం

ముక్తేశ్వరం,
5 జూన్, 2025.

చి. సౌ. నాగదుర్గకు మావయ్య పెద్దిరాజు దీవెనలు.

ఇక్కడ నేనూ, మీ అత్తయ్యా కులాసా. మస్కట్టు ఎండలకు నీవూ, సాయి కిరణ్ గారూ తట్టుకొని ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. మర్నాడే అమలాపురం నుంచి అచ్చుప్రతుల కట్ట కూడా వచ్చింది. "ఆయనకి ఫోనులో వినపడదమ్మా, ఉత్తరం రాసుకో" అని మీ అత్తయ్య నీతో చెప్పిందట. అది సగమే నిజం. చెవి కొంత మందగించిన మాట వాస్తవమే. కాని ఫోనులో ఒత్తులు వినిపించవన్నది అసలు కారణం. ఒత్తులు వినిపించని చోట నేను మాట్లాడను.

మీ మిత్రబృందం దయ్యాల కథల సంపుటం వేస్తున్నదనీ, మన విజయకుమార్ ముద్రిస్తున్నాడనీ, తప్పులు దిద్దే పని నాకు అప్పగిస్తున్నాననీ వ్రాశావు. సంతోషం. విజయకుమార్ నా శిష్యుడే. ఎనిమిదవ తరగతిలో "విద్యార్థి"లో 'ద'కు ఒత్తు పెట్టి నాచేత చీవాట్లు తిన్నవాడు నేడు పుస్తకాలు అచ్చువేస్తున్నాడు. ఇదే ఒక దయ్యం కథ.

నీ మీది వాత్సల్యం చేతనే ఒప్పుకొంటున్నాను గాని, ఈ జాతి రచనలపై నాకు గౌరవం లేదు. తెల్లచీర, గజ్జెల చప్పుడు, వరుసగా మూడేసి ఆశ్చర్యార్థకాలు. ఆశ్చర్యార్థకాలను అంత విరివిగా వాడేవాడిని భయపెట్టేవాడు అనరు, భయపడుతున్నవాడు అంటారు.

ఇక సంపుటం పేరు. "దీపం పెట్టేక" అట! ఏ వ్యాకరణం ప్రకారం "పెట్టేక"? "పెట్టిన పిదప" అనలేకపోతే కనీసం "పెట్టాక" అనండి. పుస్తకం ముఖంమీదనే తప్పుంటే లోపలివాటిని ఎవరు మన్నిస్తారు?

నా షరతు ఒక్కటే. నేను దిద్దిన తరువాత మారు మాట ఉండకూడదు. అలాగని విజయకుమార్‌కు కూడా కబురు పంపాను.

ఆశీర్వచనాలతో,
మావయ్య.


మస్కట్,
17 జూన్, 2025.

పూజ్యులైన మావయ్య గారికి నాగదుర్గ నమస్కారాలు.

మీరు ఒప్పుకున్నారని చదివి మా వారు "ఆయ్, ఇంక మీ పని అయిపోయిందండి" అని నవ్వేరు. మీ ఎర్రకలం సంగతి పెళ్ళిలోనే విన్నారు కదండీ, శుభలేఖలో విసర్గ లేదని పందిట్లోనే దిద్దేరని.

"పెట్టేక" గురించి ఒక్క మాట, కోప్పడకండి. కిందటేడు నేను వచ్చినప్పుడు మీరు పీట మీద కూర్చుని "అన్నం పెట్టేక పిలవండి" అని అత్తయ్య గారితో అనడం నా చెవులతో విన్నాను. మీరు మాట్లాడే భాషే మా పుస్తకానికి పేరు పెట్టేమండీ.

మా వాళ్ళని పరిచయం చేస్తాను. సాయిబాబు గారిది రాజోలు, బట్టల కొట్టు. ముత్యాలరాజు గారు కొత్తపేటలో బ్యాంకు ఉద్యోగి. అనిత గారు కాకినాడలో లెక్కలు చెబుతారు. అందరం ఎక్కడెక్కడివాళ్ళమో అయినా వారానికోసారి ఫోనులో కలిసి ఒకరి కథ ఒకరం చీల్చి చెండాడుకుంటాం. ఒకరు రాసినట్టు ఇంకొకరు రాయరు. సాయిబాబు గారికి మనుషుల మాటలంటే ఇష్టం. ముత్యాలరాజు గారి కథల్లో మనుషులే కనిపించరు.

నాలుగో ఆవిడ చిన్నతల్లి. అది కలం పేరు. ఆవిడెవరో అడగకండి, మాట ఇచ్చేను. ఆవిడ కథ ఇంకా పూర్తి కాలేదు, వెనకాల పంపుతాను. చిన్నతల్లి గారికి ఇది మొదటి కథ. మీరు చదివి ఇది కథే అంటే ఇంక రాస్తూనే ఉంటానంది. కాదంటే మళ్ళీ కలం ముట్టుకోనంది. చిన్నప్పటినించీ మీ పేరు వింటూ పెరిగినవాళ్ళు మన చుట్టుపక్కల చాలామంది ఉన్నారు కదండీ.

ఒక్క మనవి. స్పెల్లింగులు ఎన్నయినా దిద్దండి. కథల నడక మాత్రం ముట్టుకోకండి. మా కథల్లో కొన్ని తప్పులు తప్పులు కావు. అవి ఏవో ముందే చెప్పేస్తే మీకు భయం వెయ్యదు. అందుకని చెప్పడం లేదు.

అత్తయ్య గారి మోకాలు ఎలా ఉందో రాయండి.

మీ మేనకోడలు,
నాగదుర్గ.


ముక్తేశ్వరం,
1 జులై, 2025.

చి. సౌ. నాగదుర్గకు,

అత్తయ్య మోకాలు అలాగే ఉంది. తైలం రాయనివ్వదు.

ముందుగా ఒక దోషం. ఆ చిన్నతల్లిని ఒక వాక్యంలో "గారు" అంటావు, మరుసటి వాక్యంలో "అంది" అంటావు. ఒకే మనిషికి ఒకే ఉత్తరంలో రెండు మర్యాదలు కుదరవు. ఏదో ఒకటి నిశ్చయించుకో.

ఇప్పుడు అసలు సంగతి. నేను మూడు రోజులుగా ముత్యాలరాజు గారి కథను గూర్చే ఆలోచిస్తున్నాను.

నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పిల్లల వ్యాసాల నుంచి "బడు" ధాతువును కలుపు తీసినట్లు తీసివేశాను. "రాముడిచే చెట్టు నరకబడెను" అని వ్రాసినవాడిని నిలబెట్టి, "రాముడు చెట్టు నరికాడు అనడానికి నీకేమి అడ్డం వచ్చింది?" అని అడిగేవాణ్ణి. తెలుగువాడు కర్మణి ప్రయోగంలో మాట్లాడడు. అటువంటిది, ముత్యాలరాజు గారి కథలో మూడో పుట నుంచి అన్నీ అవే. అద్దెగదిలో ఒంటరిగా ఉన్న ఉద్యోగి చెబుతాడు. "తలుపు తెరవబడింది. మంచం జరపబడింది. దీపం తగ్గించబడింది." నేను మండిపడుతూ వరుసగా సున్నాలు చుట్టుకుంటూ వచ్చాను. "నా పేరు పిలవబడింది" అన్నచోట నా కలం ఆగిపోయింది.

ఎవరు పిలిచారు? వాక్యాన్ని తిరగవేసి సరిచేద్దామని చూశాను. తిరగవేయాలంటే నాకు కర్త కావాలి. ఆ గదిలో కర్త ఉన్నాడు, నాగదుర్గా. వాక్యంలోనే లేడు. వాడిని తెచ్చి వాక్యంలో నిలబెట్టవలసినవాణ్ణి నేనే. నాకు ధైర్యం చాలలేదు. చుట్టిన సున్నాలన్నీ సిరా రబ్బరుతో చెరిపివేశాను. నా జన్మలో చేసిన పని కాదిది. ఒక వ్యాకరణ విశేషం ఎందుకు పుట్టిందో, వేయిమంది పిల్లలకు అది చెప్పిన తరువాత నాకు ఇప్పుడు తెలిసింది.

సాయిబాబు గారి కథను మొదట పది వాక్యాలు దిద్దాను, ఒప్పుకొంటాను. ప్రతి పలుకూ "ఆయ్" తో మొదలవడం చూసి, "అవునండీ" అని మార్చుకుంటూ పోయాను. అంతలో మీ అత్తయ్య చాట పట్టుకొని వచ్చి, "ఏం చదువుతున్నారండీ, పైకి చదవండి" అంది. పంటు నడిపే మనిషి గోదావరి మధ్యలో ఎవరితోనో మాట్లాడుతుంటాడు. అవతలి మనిషి మాటలు కథలో లేవు. వీడి జవాబులే ఉన్నాయి. మొదట ఉన్నట్లే చదివాను.

"ఆయ్. ఆయ్, రేవు దాటేక కుడిచేతివేపండి. ఆయ్, పెంకుటిల్లేనండి. ఆయ్, ఒక్కత్తే అమ్మాయండి. ఆయ్, ఈపాటికి నిద్రపోయుంటదండి. ఆయ్… తలుపు గెడెయ్యదండి, నేనొస్తానని."

మీ అత్తయ్య చాట కింద పెట్టింది.

"అవతలున్నది ఎవరండీ?"

"వ్రాయలేదు."

"మరి ఎవరో తెలీకుండా ఇల్లూ వాకిలీ అన్నీ చెప్పేస్తాడేంటండీ?"

"మర్యాదస్థుడు. అడిగితే చెప్పకుండా ఉండలేడు."

"మన మర్యాద మంచిది కాదండీ" అని చాట తీసుకొని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ "ఆయ్" స్థానంలో "అవునండీ" పెట్టి చదివి చూశాను. కథ చచ్చి ఊరుకుంది. "అవును" అంటే ఒక విషయం నిజమని ఒప్పుకోవడం. "ఆయ్" అంటే మనిషే లొంగిపోవడం. పుట్టినప్పటి నుంచి వింటున్న ఈ ఒక్క అక్షరంలో ఇంత లోతు ఉన్నదని నాకు రాజోలు బట్టల కొట్టు ఆయన చెప్పవలసివచ్చింది. వారికి నా నమస్కారాలు తెలియజేయి.

చిన్నతల్లి కథ పంపు. ఎదురుచూస్తున్నాను.

మావయ్య.


మస్కట్,
12 జులై, 2025.

మావయ్య గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం ఫోనులో మా వాళ్ళందరికీ చదివి వినిపించేను. ముత్యాలరాజు గారు ఆ భాగం మళ్ళీ చదివించుకున్నారు. తరవాత "మాస్టారు రబ్బరు పట్టుకున్నారా అండీ, నిజంగా?" అని అడిగేరు. సాయిబాబు గారైతే "ఆయ్" అని, వెంటనే నోరు మూసుకున్నారు. ఇప్పుడు ఆ మాట అనాలంటే ఆయనకే భయం వేస్తోందట.

అనిత గారికి మాత్రం కినుక. ఆవిడ కథ గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. పనసపొట్టు కూర వండే విధానంలా ఉంటుందే, అదండీ. ఆవాలు నూరడం నించి ఇంగువ దాకా అన్నీ సరిగ్గా చెబుతూ, మధ్య మధ్య "ఇంకో ఆకు వెయ్యండి" అంటుంది చూడండి. వండే మనిషి ఇంట్లో ఒంటరిది. మీరు అది వంటల పుస్తకంలోది పొరపాటున కలిసిందనుకుని పక్కన పెట్టెయ్యలేదు కదా అని నా అనుమానం.

చిన్నతల్లి గారి కథ ఈరోజే విజయకుమార్ గారికి పంపేను. అచ్చుప్రతి తీసి మీకు అందిస్తారు. చిన్నతల్లి గారు ఎంతో కంగారుగా ఉన్నారు. (చూసేరా, ఈసారి మర్యాద తప్పలేదు.) ఆ కథ ఎన్నిసార్లు తిరగరాసేరో నాకు తెలుసు. ఆఖరి వాక్యం కోసం నెలల తరబడి వెతికేరు. మొహమాటం పెట్టుకోకుండా మీకు ఏమనిపించిందో అదే రాయండి, మావయ్య గారూ. బాగుంటే బాగుందని. లేకపోతే లేదని.

నాగదుర్గ.


ముక్తేశ్వరం,
28 జులై, 2025.

చి. సౌ. నాగదుర్గకు ఆశీస్సులు.

అనిత గారి కథను నిజంగానే వంటల పుస్తకంలోనిదని పక్కన పెట్టాను. క్షమాపణ చెప్పు. మళ్ళీ చదివాను. మీ అత్తయ్య నాటి నుంచి పనసపొట్టు కొనడం లేదు.

చిన్నతల్లి గారి కథ దిద్ది, ముద్రణకు అనుమతిస్తూ సంతకం చేసి విజయకుమార్‌కు ఇచ్చివేశాను. భాష శుభ్రంగా ఉంది. కామాలు ఎక్కువ. చివరలో ఒక వ్యాకరణ దోషం ఉంటే సవరించాను. వరదనీటిలో చిక్కుకున్న ముగ్గురు తోడికోడళ్ళలో ఒకామె కథ చెబుతుంది. మొదటి నుంచి "మేము", "మేము ముగ్గురం" అంటూ వచ్చి, చిట్టచివరి వాక్యంలో "ఇప్పుడు మనం నలుగురం" అని వ్రాసింది. ఉత్తమ పురుష బహువచనంలో "మేము" అంటే వినేవాణ్ణి విడిచిపెట్టి చెప్పడం. "మనం" అంటే వినేవాణ్ణి కూడా కలుపుకొని చెప్పడం. ఆరవ తరగతి పాఠం. కథ పొడవునా "మేము" ఉండగా చివర "మనం" పొసగదు. కాబట్టి "ఇప్పుడు మేము నలుగురం" అని దిద్దాను.

ఇంతకంటె వ్రాయడానికి ఏమీ లేదు.

ఇక్కడ వర్షాలు. పెరటి తలుపు గాలికి కొట్టుకుంటుంటే పగలు కూడా గడియ పెట్టిస్తున్నాను. నా కుర్చీని ముందరి గదిలో గోడకు ఆనించి వేయించుకున్నాను. అక్కడ వెలుతురు బాగుంటుంది.

మావయ్య.


మస్కట్,
7 ఆగస్టు, 2025.

మావయ్య గారికి,

మీ ఉత్తరం రాగానే విజయకుమార్ గారికి ఫోను చేసేను. ఆ కథ ఉన్న ఫారం అచ్చయిపోయిందన్నారు. "మాస్టారు దిద్దింది మళ్ళీ దిద్దడం నా వల్ల కాదండి. ఆయన మారు మాట ఉండకూడదని ముందే కబురెట్టేరండి" అన్నారు. ఆయన్ని ఏమనడానికీ లేదు.

ఆ "మనం" తప్పు కాదండీ. కథంతా ఆ ఒక్క మాట కోసమే. పన్నెండు పేజీలు "మేము" అని రాసింది, ఆఖర్న "మనం" అనడానికే. మీరు "బడు"ని పట్టుకున్నారు, "ఆయ్"ని పట్టుకున్నారు. దీన్ని పట్టుకోలేకపోతే, పొరపాటు మీది కాదు. కథదే. చదివేవాళ్ళని అక్కడిదాకా తీసుకెళ్ళలేని కథ అది. మీకు అది ఆరో తరగతి తప్పులా కనిపించిందంటే, రాసినమ్మాయికి చెయ్యి తిరగలేదన్న మాట.

చిన్నతల్లి తన కథ పుస్తకంలోంచి తీసెయ్యమంది. ఆ కాగితాలు చింపేసి బైండు చెయ్యమని విజయకుమార్ గారికి చెప్పమంది. మళ్ళీ రాయనని కూడా అంది. నేను వద్దనలేదు.

అత్తయ్య గారు ఫోనులో వేరే కబురు చెప్పేరు. మీరు మధ్యాహ్నాలు పెరటి మెట్ల మీద కూర్చోవడం మానేసేరట. "ఆ కాగితాలు చదివిన కాడినుంచీ ఈయన అదోలా ఉన్నారమ్మా, పలకరిస్తే ఉలిక్కిపడుతున్నారు" అన్నారు. మా కథల మీద విసుగుతో మీ ఆరోగ్యం పాడయితే ఈ పుస్తకమే వద్దండీ. మీకు ఇష్టం లేని పని నెత్తిన పెట్టేను. మన్నించండి.

నాగదుర్గ.


ముక్తేశ్వరం,
18 ఆగస్టు, 2025.

అమ్మా నాగదుర్గా,

ఈ ఉత్తరం చిన్నతల్లి గారికి ఉన్నది ఉన్నట్లుగా చదివి వినిపించు. ఒక్క మాట కూడా వదలవద్దు.

నేను నీకు అబద్ధం వ్రాశాను. అందులోనూ వ్యాకరణాన్ని అడ్డం పెట్టుకొని అబద్ధం వ్రాశాను.

ఆ కథ నేను చదివింది పట్టపగలు. భోజనం చేసి, పెరటి మెట్ల మీద కూర్చున్నాను. ఎదురుగా కొబ్బరితోట, ఎండ. మీ అత్తయ్య లోపల నిద్రపోతోంది. వరద వచ్చి గోదావరి లంకలో ఇల్లు మునుగుతుంది. ముగ్గురు తోడికోడళ్ళు మేడ ఎక్కి కూర్చుంటారు. పడవలు వెళుతుంటాయి. కేకవేస్తారు. పడవవాళ్ళు ఇటు చూసి, చూపు తిప్పుకొని వెళ్ళిపోతారు. నేను నవ్వుకున్నాను, సంగతి నాకు ముందే తెలిసిపోయిందని. వాళ్ళు బతికి లేరని రచయిత్రి ఎక్కడా చెప్పలేదు. చెప్పకపోయినా ఎవరికైనా తెలుస్తుంది. తెలిసిందని మనం గర్వపడుతూ ఉండగా ఆవిడ తన పని తాను చేసుకుపోతుంటుంది. నీళ్ళు తీస్తాయి. ఎవరో వచ్చి ఇల్లు కడుగుతారు. సున్నం వేస్తారు. వేరే కుటుంబం దిగుతుంది. ఆ ముగ్గురూ మెట్ల మీద సర్దుకుని కూర్చుంటారు, ఎవరికీ అడ్డం కాకుండా. ఎంత మర్యాదగల ఆడవాళ్ళు! నాకు జాలి కలిగింది. జాలి కలిగినప్పుడు మనిషి జాగ్రత్తగా ఉండడు.

ఆ తరువాత ఈ వాక్యాలు వచ్చాయి. "కింద మెట్టు మీద ఎవరో కూర్చుని చదువుకుంటున్నారు. మేము చూస్తున్నాము. తల ఎత్తలేదు."

నాగదుర్గా, నేను తల ఎత్తలేకపోయాను.

నేను కూర్చున్నది కింద మెట్టు. నా వెనక రెండు మెట్లు ఖాళీ. ఖాళీ అని నాకు తెలుసు, గంట క్రితమే అక్కడ చెప్పులు విడిచాను. అయినా తిరిగి చూడడానికి మెడ ఒప్పుకోలేదు. కాకి అరవడం ఆగిందో, నా చెవి మానివేసిందో తెలియదు. ఆ స్థితిలో ఆఖరి వాక్యం చదివాను. "ఇప్పుడు మనం నలుగురం."

నా తల్లి నాకు నేర్పిన మాట అది. అన్నం వేళ పిలిచే మాట, పెళ్ళిళ్ళలో పిలిచే మాట. "మనం" అని ఎవరైనా అంటే నాకు ఇంతకాలం హాయిగా ఉండేది, నన్ను కూడా లెక్కలో వేసుకున్నారని. ఆ మధ్యాహ్నం నన్ను లెక్కలో వేసుకున్నవాళ్ళు ఎవరో నాకు తెలుసు. పిలుపులో కోపం లేదు, పగ లేదు. చోటిచ్చి సర్దుకొని కూర్చున్నారు. అంతే.

ఎర్రకలం జేబులోనే ఉంది. తీసి ఆ మాట కొట్టివేశాను. అది దిద్దుబాటు కాదమ్మా. లోపల ఉన్నవాడు తలుపుకు గడియ పెట్టుకోవడం. "మేము" అని వ్రాయగానే ఊపిరి వచ్చింది. వాళ్ళు నలుగురైనారు, ఆ నాలుగో మనిషి ఎవరైతే నాకేమిటి? వెంటనే సంతకం చేసి, చెప్పులు కూడా వేసుకోకుండా బస్సు ఎక్కి అమలాపురం వెళ్ళి ఇచ్చివచ్చాను. ఆ కాగితం ఇంట్లో ఉండడం నాకు ఇష్టం లేకపోయింది. తరువాత నీకు ఆరవ తరగతి పాఠం చెప్పాను.

ఒక్క మాటతో ఒక వృద్ధుడిని పట్టపగలు సొంత మెట్ల మీది నుంచి లేపి వెళ్ళగొట్టిన చెయ్యి చెయ్యి తిరగనిదా? నేను పద్యాలు చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను, హాస్యం చదివి కడుపు పట్టుకున్నాను. సర్వనామం చదివి పారిపోవడం ఇదే మొదలు. మన భాషలో ఈ రెండు మాటలకు మధ్య ఇంత అగాధం ఉన్నదని, అందులోకి మనిషిని తోయవచ్చునని నాకు తెలియదు. దాని ముందు నా వ్యాకరణం చేతులు కట్టుకొని నిలబడింది.

నిన్న విజయకుమార్ వద్దకు వెళ్ళాను. పుస్తకాలు బైండయి కట్టలు కట్టి ఉన్నాయి. ఆ ఫారం మళ్ళీ అచ్చు వేసి కలుపుతానన్నాడు. నేనే వద్దన్నాను. తప్పు వ్రాసినవాడు తన చేతితోనే దిద్దుకోవాలని పిల్లలందరికీ చెప్పినవాణ్ణి. చిన్నతల్లి గారు అనుమతిస్తే, ప్రతి పుస్తకంలోనూ నేనే కూర్చుని, నేను పెట్టించిన "మేము" కొట్టివేసి, పైన "మనం" అని వ్రాస్తాను. అనుమతించకపోతే ఆ పుటలు చింపించే హక్కు ఆవిడది. కాని చింపించవద్దని వేడుకుంటున్నాను. ఆవిడ కలం వదిలిపెడితే ఆ పాపం నా పిరికితనానిది.

ఆవిష్కరణ వచ్చే నెల పద్నాలుగు, ఆదివారం. ఆవిడ జవాబు త్వరగా రప్పించు.

పెద్దిరాజు.


మస్కట్,
27 ఆగస్టు, 2025.

మావయ్య గారికి,

మీ ఉత్తరం చిన్నతల్లికి చదివి వినిపించమన్నారు. అక్కర్లేకపోయింది. కవరు చింపింది తనే.

నేనేనండీ. మీరు మొదట్లోనే పట్టుకున్నారు, ఒకే మనిషికి రెండు మర్యాదలేమిటని. నన్ను నేను "గారు" అనుకోవడానికి నోరు రాలేదు. అనకపోతే మీకు తెలిసిపోతుందేమోనని మధ్యమధ్య తగిలించేను.

నా పేరు చెబితే మీరు మేనకోడలి కథ చదువుతారు. నాకు కథ చదివే మనిషి కావాలి. తప్పుని క్షమించని మనిషి కావాలి. మిమ్మల్ని భయపెట్టగలిగితే ఎవరినైనా భయపెట్టగలనని అనుకున్నాను. మీరు ఆ మాట కొట్టేసేరని తెలిసిన రోజు, రాత్రి అన్నం తినలేదు. మా వారు ఎంత అడిగినా చెప్పలేదు. మీ ఉత్తరం చదివేక ఆయనకి కథ వినిపించేను. విని, లేచెళ్ళి హాలులో లైటు వేసి వచ్చేరు.

కాగితాలు చింపించొద్దు. మీ చేత్తోనే దిద్దండి. మీ ఎర్రకలంతోనే. నేను ఆవిష్కరణకి రాలేను, సెలవు దొరకలేదు. ఏం జరిగిందో రాయండి.

ఇంకో కథ మొదలుపెట్టేను.

నాగదుర్గ.


ముక్తేశ్వరం,
15 సెప్టెంబరు, 2025.

రచయిత్రి శ్రీమతి నాగదుర్గ గారికి పెద్దిరాజు నమస్కరించి వ్రాయునది.

ఈ సంబోధన చూసి నవ్వకండి. వయసును బట్టి, వరుసను బట్టి మిమ్మల్ని ఏకవచనంలో పిలిచే హక్కు నాకున్నది. ఇంటికి వచ్చినప్పుడు అలాగే పిలుస్తాను. కథ గురించి వ్రాసేటప్పుడు మాత్రం ఇక చేతకాదు. ప్రయత్నించాను, కలం నడవలేదు.

మీ అనుమతి అందిన మర్నాటి నుంచి విజయకుమార్ ముద్రణాలయంలో కూర్చుని దిద్దాను. "మేము" మీద గీత, దాని పైన "మనం". మొదటి రోజు అక్షరాలు వంకరపోయాయి. తరువాత చెయ్యి కుదురుకుంటుందనుకున్నాను, కుదురుకోలేదు. వ్రాసినప్పుడల్లా నేను మళ్ళీ ఆ మెట్టు మీద కూర్చున్నట్లే ఉండేది. విజయకుమార్ టీ తెచ్చి, "మాస్టారూ, మిగతావి నేను రాసేయనా అండీ?" అన్నాడు. "వద్దు, నీకు ఒత్తులు రావు" అన్నాను. నిజం చెప్పాలంటే వాణ్ణి కాపాడాను.

నిన్న ఆవిష్కరణ "దీపం పెట్టేక" జరిగింది. సంపుటం పేరుకు తగ్గ వేళ అని సాయిబాబు గారు పట్టుబట్టారు. ముద్రణాలయం పై హాలు నిండింది. ముత్యాలరాజు గారిని చూశాను. సన్నగా, సాధువుగా ఉంటారు. బ్యాంకులో నా పింఛను కాగితాలు చూసే మనిషిలాగే ఉన్నారు. అటువంటి మనిషి లోపల కర్త లేని వాక్యాలు నడుస్తుంటాయని ఎవరనుకుంటారు? అనిత గారు మీ అత్తయ్య చేతులు పట్టుకొని, "ఇంక పనసపొట్టు వండరా అండీ?" అని అడిగారు. "మీరు వచ్చి పక్కన కూర్చుంటే వండుతానమ్మా, ఒక్కదాన్నీ వండను" అంది మీ అత్తయ్య. ఇద్దరూ నవ్వుకున్నారు. నలుగురు మనుషులు, నాలుగు గొంతులు, నాలుగు దారుల్లో వచ్చి ఒకే చోట మన మెడ మీద చెయ్యి వేస్తారు. నేను కవిత్వానికి మాత్రమే ఇంతటి సాధన ఉంటుందనుకున్నాను.

మీ కథ సభలో చదవవద్దన్నాను. చెవితో వినవలసిన కథ కాదు అది, ఒక్కరే కూర్చుని చదువుకోవలసినది.

సభ ముగిసి అందరూ పుస్తకాలు కొనుక్కొని, అక్కడే కుర్చీల్లో తిరగవేస్తున్నారు. మురమళ్ళ నుంచి వచ్చిన ఒకావిడ, చిన్న వయసే, కళాశాలలో చెబుతారట, కిటికీ దగ్గర నిలబడి మీ కథ చదువుతున్నారు. నేను దూరం నుంచి చూస్తున్నాను. ఆఖరి పుట తిప్పారు. తరువాత మెల్లగా వెనక్కి తిరిగి చూశారు. వెనక గోడ తప్ప ఏమీ లేదు.

ఆవిడ నా దగ్గరికి వచ్చారు. వేలు ఆ మాట మీదే ఉంది. అచ్చులో "మేము", దాని మీద ఎర్రటి గీత, పైన వంకరపోయిన చేతిరాతతో "మనం".

"మాస్టారూ," అని గొంతు తగ్గించి అడిగారు, "ఇది అందరి పుస్తకాల్లోనూ ఉందాండీ? నా పుస్తకంలోనేనా?"

నా జీవితమంతా అడిగినవారికల్లా జవాబు చెప్పినవాణ్ణి. తెలిసిన జవాబు దాచడం మహాపాపమని పిల్లలకు బోధించినవాణ్ణి. నోటి దాకా వచ్చింది కూడా.

ఆవిడ ముఖం చూశాను. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నిలబడ్డాను. నేను జవాబు చెప్పలేదు.

తమ పాఠకుడు,
పెద్దిరాజు.